బూడిదలో దాచిన బెండగింజలు

ఇవి మొన్న రేడియోలో చెప్పిన సంగతులే. అక్కడ గడియారం ముల్లు చూసుకుంటూ చదవాలి కనక కొన్ని మాటలు మింగేశాను. ఇక్కడ కాగితం మీద కాస్త తీరిగ్గా చెప్పుకుందాం.

పెరటి తోట గురించి మాట్లాడమంటే మనలో చాలామంది కాయల లెక్క చెబుతారు. ఎన్ని కాశాయి, ఎంతమందికి పంచాం, బజార్లో కొంటే ఎంతయ్యేది అని. ఓడిపోయిన సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. అంచేత నేను ఓటమితోనే మొదలెడతాను. రెండేళ్ల కిందట మా పెరట్లో పదహారు బెండ మొక్కలు వేశాను. మోకాలి యెత్తు వచ్చేదాకా నవనవలాడుతూ వున్నాయి. ఒకరోజు పొద్దున్నే నీళ్లు పొయ్యబోతే ఒక మొక్క చిగురాకులో ఈనెలన్నీ పసుపుదారంతో కుట్టినట్టు కనిపించాయి. చూడడానికి అందంగా కూడా వుంది సుమండీ, ఎవరో అద్దకం వేసినట్టు. వారం తిరిగేసరికి ఆ అందం పద్నాలుగు మొక్కలకి పాకింది. ఆకు మొత్తం పసుపు తిరిగింది, కాయ తెల్లబోయి గిడసబారింది. రైతులు దీన్ని పల్లాకు తెగులు అంటారు.

మొక్కలు పోవడం కొత్తేమీ కాదు. అయితే ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు. ఈ తెగులు ఎప్పట్నుంచి వుంది, మా అత్తయ్యగారి రోజుల్లో ఇలా ఎందుకు పోలేదు అని మొదలుపెట్టి, గ్రంథాలయంలో దొరికిన పుస్తకాలూ వ్యవసాయశాఖ కరపత్రాలూ చదువుతూ పోయాను. పోగా పోగా అది పెద్ద చరిత్రే అయింది.

చరిత్ర పుస్తకాల్లో అశోకుడు బాటలవెంట మర్రిచెట్లు నాటించాడని చిన్నప్పుడు బట్టీ పట్టాం. పెరట్లో బీరపాదు మొదట పెట్టిందెవరో, పందిరి వేసిందెవరో ఏ శాసనంలోనూ వుండదు. అయినా ఆ చరిత్ర ఒకచోట మాత్రం చెక్కుచెదరకుండా నిలిచి వుంది. ఎక్కడో తెలుసా? తద్దినాల వంటలో.

మీ ఇంట్లో తద్దినం నాడు వంట ఎలా చేస్తారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంటింటికీ ఆచారం మారుతుంది గాని, చాలా ఇళ్లలో ఆ పూట మిరపకాయ వాడరు. కారానికి మిరియాలే. టమాటా వుండదు, బంగాళాదుంప వుండదు, క్యాబేజీ, క్యారెట్టు ఊసే వుండదు. అరటికాయ, కంద, చేమ, కాకర ఇలాంటివే వండుతారు. చిన్నప్పుడు ఇదంతా మడికట్టు చాదస్తమనుకునేదాన్ని. తర్వాత తెలిసింది, వాడనివాటిలో చాలా కూరలు సముద్రం దాటి వచ్చినవే. 1492లో కొలంబస్ అమెరికా చేరాడు, 1498లో వాస్కోడగామా కాలికట్లో దిగాడు. అటు తర్వాతే బుడతకీచుల ఓడల వెంట మిరప మన దేశానికి వచ్చింది. టమాటా, బంగాళాదుంప, చిలగడదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జామ, బొప్పాయి అన్నీ ఆ అమెరికా ఖండాల సంతానమే. పితృదేవతలకి వాళ్లెరిగిన వంటే పెట్టాలని మన పెద్దవాళ్లు అనుకున్నారు కాబోలు, 500 ఏళ్ల కిందటి పెరడు అలా మన వంటింట్లో మిగిలిపోయింది.

శ్రీనాథుడు పల్నాటి జొన్నకూడు తినలేక విసుక్కున్నాడని చాటుపద్యాలు చెప్పుకుంటాం. ఆయన 15వ శతాబ్దం వాడు. పాపం, ఆ జొన్నకూట్లో నంజుకోవడానికి పచ్చిమిరపకాయ కూడా లేదన్నమాట! ఇవాళ గుంటూరు పేరు చెబితే దేశదేశాలకీ మిరపే గుర్తొస్తుంది. మిరియాల పేరు మీదనే దీనికి మిరప అని పేరు వచ్చిందని భాష తెలిసినవాళ్లు చెబుతారు. కొత్తగా వచ్చిన కోడలికి పాత కోడలి పేరు పెట్టి పిలుచుకున్నట్టు.

పేర్లలో ఇలాంటి గుర్తులు ఇంకా వున్నాయి. సీమచింత, సీమవంకాయ అంటాం. సీమ అంటే పైదేశం. కొన్ని వైపుల బొప్పాయిని పరంగిపండు అంటారు, పరంగి అంటే దొర. కానీ అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది గుమ్మడి. బూడిదగుమ్మడి మన ఆసియాదే. దిష్టికి గుమ్మానికి కట్టేదీ, వడియాలు పెట్టేదీ అదే. తీపిగుమ్మడి మాత్రం అమెరికా నుంచి వచ్చింది. సంక్రాంతికి గొబ్బెమ్మల నెత్తిన పెట్టే పసుపుపచ్చని పువ్వు ఆ తీపిగుమ్మడిదే కదా! పండక్కి దప్పళంలో పడేదీ అదే. ఇంతకంటే మనది అయిపోవడం ఏముంటుంది? అలాగని మనకంటూ ఏమీ లేదనుకోకండి. వంగ మన నేలదే. బీర, పొట్ల, దొండ, మునగ ఇవన్నీ ఇక్కడి మొక్కలే. ఇక మన గోంగూర పూర్వీకులది ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. ఈ మాట రేడియోలో చెప్పగానే మా పక్కింటి పిన్నిగారు రెండు రోజులు నాతో ముభావంగా వున్నారు.

పాతకాలం పెరడు కాచినప్పుడు విరగకాసేది, లేనప్పుడు బొత్తిగా లేదు. అందుకని వరుగులు పెట్టేవాళ్లు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడి ఇంట్లో వానాకాలం వచ్చిన అతిథులకి ఏం వడ్డించారో శ్రీకృష్ణదేవరాయలు వివరంగా చెప్పాడు. అందులో కూరలతోపాటు వరుగులూ వడియాలూ వున్నాయి. అంత రాజు కావ్యంలో ఎండబెట్టిన కూరముక్కకి చోటు దొరికిందంటే నాకు భలే సంతోషం వేసింది. ఎండాకాలంలో ఏ ఇల్లాలో దొడ్డిలో చాపమీద కాకులకి కాపలా కాసి దాచిన ముక్కలవి.

సరే, కొత్త మొక్కలు వచ్చాయన్నాం. వాటిని ముందుగా రుచి చూసిందెవరు? పొలంలో ఎవరూ తెలియని పంట వేసుకోరు, ఏడాది తిండి దాని మీద ఆధారపడి వుంటుంది. పెరట్లో ఒక మూల అయితే పోయినా ఫరవాలేదు. అంట్లు తోమిన నీళ్లు పారేచోట, గాబు పక్కన, పేడకుప్ప దాపున ఒక గింజ పడేస్తే వచ్చిందా వచ్చింది. నా ఉద్దేశంలో ఏ కొత్త కాయగూరైనా మన ఊళ్లలో నిలదొక్కుకున్నది ఇలా పెరటి దారినే. మా అమ్మమ్మ టమాటాని రామములక్కాయ అనేది. ఎర్రగా వుంటుందని వంటింట్లోకి రానిచ్చేది కాదట. పిల్లలు పెరట్లోనే కోసుకుని ఉప్పు అద్దుకు తినేవారు. తర్వాత ఒక చింతపండు కరువు రోజున చారులో వేసింది. ఇక అంతే.

పెరటి తోట ఇంటి విషయంగా వుండి వుండి, దేశం విషయం అయింది మాత్రం రెండో ప్రపంచయుద్ధంలో. 1942 మార్చిలో రంగూను జపాను వాళ్ల వశమైంది. బర్మా బియ్యం మనకి ఆగిపోయింది. మన కోస్తా జిల్లాల నుంచి కూలికోసం రంగూను వెళ్లినవాళ్లు వేలకొద్దీ వుండేవారు. వాళ్లలో ఎందరో కాలినడకన అడవులు దాటి తిరిగి వచ్చారు, దారిలో పోయినవాళ్లు పోయారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. పట్నాలు వదిలి జనం పల్లెలకి బండ్లు కట్టించుకున్నారు. ఆ ఏడాదే ప్రభుత్వం గ్రో మోర్ ఫుడ్ అనే ఉద్యమం మొదలెట్టింది. తెలుగులో అధికాహారోత్పత్తి అన్నారు. ఖాళీ జాగా కనబడితే ఏదో ఒక తిండిమొక్క వెయ్యండని ప్రచారం. అయినా 1943లో బెంగాలులో లక్షలాది జనం ఆకలితో మాడి చచ్చిపోయారు. ఆ చావులు 30 లక్షల దాకా వుంటాయని అంచనా.

అదే సమయంలో ఇంగ్లండులోనూ ఇదే పాట. గెలుపుకోసం తవ్వండి అని పిలుపు. పార్కులు తవ్వారు, టెన్నిసు ఆడే చోట బంగాళాదుంపలు వేశారు. పంచిపెట్టిన తోటమడులు 14 లక్షల దాకా పెరిగాయి. వాళ్లకి అన్నిటికన్నా కష్టం వచ్చింది ఉల్లిపాయకి. ఉల్లి ఫ్రాన్సు తీరం నుంచీ పక్క దీవుల నుంచీ వచ్చేది. అవి జర్మనీ చేతిలోకి పోయేసరికి ఉల్లిపాయ బంగారమై కూర్చుంది. ఒక్క ఉల్లిపాయని లాటరీలో బహుమతిగా పెట్టిన ఆఫీసులున్నాయట. మనం ఉల్లి ధర పెరిగిందని గోల పెట్టిన రోజులు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అమెరికాలో అయితే 1943 నాటికి ఇంచుమించు 2 కోట్ల ఇంటి తోటలు. దేశం తిన్న తాజాకూరల్లో నూటికి 40 వంతులు వాటిలోనే పండాయని లెక్కగట్టారు. అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ కూడా వైట్‌హౌస్ ఆవరణలో కూరమడి వేయించారు. యుద్ధం ఆగింది, 1946లో చాలామంది పలుగూ పారా అటకెక్కించేశారు. భయం పెట్టించిన తోట భయం తీరగానే ఎండిపోయిందన్నమాట.

మన ఉద్యమం సంగతేమయిందంటారా? స్వతంత్రం వచ్చాక కూడా కొనసాగింది. అనుకున్నంత ఫలితం లేదని తేలాక వి.టి. కృష్ణమాచారి గారి అధ్యక్షతన వేసిన కమిటీ 1952లో నివేదిక ఇచ్చింది. అక్కడో విత్తనం, ఇక్కడో ఎరువు ఇస్తే చాలదనీ, పల్లె బతుకు మొత్తాన్ని పట్టించుకోవాలనీ దాని సారాంశం. ఆ తర్వాతనే ఊరూరికీ గ్రామసేవకులు వచ్చారు. 1965లో లాల్‌బహదూర్ శాస్త్రిగారు ప్రధానిగా వుండగా సోమవారం ఒకపూట మానండని దేశాన్ని అడిగారు. అడిగి ఊరుకోలేదు, ఢిల్లీలో తామున్న జనపథ్ 10వ నంబరు ఇంటి పచ్చిక దున్నించి అందులో పంట వేశారు. మా నాన్నగారు ఈ మాట చెప్పేటప్పుడు ప్రతిసారీ లేచి నిలబడేవారు.

ఆ రోజుల్లో రేడియో చేసిన పని కూడా ఒకటి చెప్పుకోవాలి, అది మా ఇంటి గొప్ప గనక. తంజావూరు ప్రాంతంలో ఏ.డి.టి. 27 అనే కొత్త వరి వచ్చింది. తిరుచ్చి రేడియోవాళ్లు దాని గురించి చెప్పగా చెప్పగా రైతులు ఆ పేరు గుర్తుంచుకోలేక దుకాణానికి వెళ్లి రేడియో వడ్లు కావాలని అడిగేవారట.

ఇక నా బెండకాయ దగ్గరకి వస్తాను. ఇంతసేపూ ఊళ్లు తిప్పింది అందుకే.

ఈ పల్లాకు తెగులు నిన్నా మొన్నటిది కాదు. 1924లోనే బొంబాయి రాష్ట్రంలో దీన్ని చూసి కులకర్ణి అనే శాస్త్రవేత్త రాసిపెట్టాడు. ఇది వైరస్ వల్ల వస్తుందనీ, మొక్క నుంచి మొక్కకి మోసేది తెల్లదోమ అనీ 1950 నాటికి తేలింది. ఆకు అడుగున నూకగింజంత తెల్లపురుగు, మొక్క కదిపితే పొడి లేచినట్టు లేస్తుంది, అదే. జబ్బు మొక్క రసం పీల్చి మంచి మొక్క మీద వాలుతుంది. వైరస్‌కి మందు లేదు. దోమని ఆపడమో, తట్టుకునే మొక్కని వెతకడమో రెండే దారులు.

తట్టుకునే మొక్కని వెతికినవాళ్లు ఢిల్లీలో పూసా సంస్థ వాళ్లు. విత్తనాల పొట్లం మీద పూసా అని చూసి గింజలు పూసల్లా వుంటాయని పెట్టిన పేరనుకునేదాన్ని. మీరూ అనుకునే వుంటారు! పూసా అనేది బీహారులో ఒక ఊరు. 1905లో ఆ సంస్థ అక్కడ పెట్టారు. 1934 జనవరి భూకంపంలో భవనం కూలిపోతే 1936లో ఢిల్లీకి తరలించారు. ఊరు మారినా పేరు వెంట తెచ్చుకున్నారు, పుట్టింటి పేరు వదలని ఆడపిల్లలాగా. అక్కడ హర్‌భజన్ సింగ్ గారూ ఆయన తోటివారూ దేశం నలుమూలల బెండలు తెప్పించి వేసి చూశారు. బెంగాలు నుంచి వచ్చిన ఒక రకం ఈ తెగులుని బాగా తట్టుకుంది. కాయ మాత్రం అంత బాగాలేదు. పూసా మఖ్మలీ అనే రకం కాయ బాగుంటుంది, తెగులుకి ఆగదు. ఈ రెంటినీ కలిపి, వచ్చిన పిల్లమొక్కల్లో మంచివి ఏరి, మళ్లీ వేసి, మళ్లీ ఏరి, చివరికి 1960 ప్రాంతంలో పూసా సవానీ అనే బెండని తెచ్చారు. అది దేశమంతా అల్లుకుపోయింది. మన అమ్మల కాలంలో లేతగా, నున్నగా, వేలెడంత బెండకాయ తిన్నామంటే చాలాచోట్ల అది సవానీయే.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి సవానీకి కూడా పల్లాకు రావడం మొదలైంది. ఎక్కడ చూసినా, ఏ కాలంలో చూసినా అదే రకం. దోమకి ఏడాది పొడుగునా ఒకటే విస్తరి. వైరస్ కూడా ఊరికే కూచోదు, మారుతుంది. ఇది చదువుతుంటే ఐర్లండు సంగతి గుర్తొచ్చింది. అక్కడి బీదవాళ్లు ఇంటిచుట్టూ వున్న కాస్త నేలలో బంగాళాదుంపే వేసుకుని బతికేవారు. ఎక్కువమందిది లంపర్ అనే ఒకటే రకం. దుంప ముక్క నాటితే తల్లి మొక్కే మళ్లీ మొలుస్తుంది, అంచేత దేశమంతా ఒకే మొక్క వున్నట్టు లెక్క. 1845లో తెగులు తగిలింది. కొద్ది ఏళ్లలో పది లక్షలమంది పోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం వదిలిపోయారు. మన బెండకి అంత ఘోరం జరగలేదు, బెండకాయ లేకపోతే ఎవరూ చావరు గనక.

1980లలో మళ్లీ కొత్త ప్రయత్నం. ఈసారి అడవి బెండ జాతుల దగ్గరకి వెళ్లారు. మరాఠ్వాడాలోని పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు ఆఫ్రికాలో ఘానా దేశం నుంచి వచ్చిన బెండ జాతితో సవానీని కలిపి పర్భణీ క్రాంతి తెచ్చారు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు అర్కా అనామిక తెచ్చారు. కొన్నేళ్లు నిలిచాయి. ఆ పైన వాటికీ అక్కడక్కడా పసుపు తగిలింది. ఇప్పుడు బజారు నిండా హైబ్రిడ్ పొట్లాలే. ఎవరినీ తప్పు పట్టడానికి చెప్పడంలేదు. ఈ పరుగులో శాస్త్రవేత్త ఒక అడుగు వేస్తే దోమ ఒక అడుగు వేస్తుంది, అంతే.

నేను తప్పు పట్టవలసిన మనిషి వేరే వుంది. నేనే.

మా అత్తయ్యగారికి ఒక పాత డబ్బా వుండేది. పొయ్యిబూడిద జల్లించి అందులో పోసి, బూడిదలో బెండ, గోరుచిక్కుడు, ఆనప గింజలు విడివిడి గుడ్డపేలికల్లో మూటకట్టి దాచేది. ప్రతి ఏడూ బలంగా వున్న మొక్క చూసి, మొదటి కాపులో నడిమి కాయకి ఎర్రదారం కట్టేది. దారం వున్న కాయ ఎవరూ ముట్టకూడదు. అది ఎండి, ముదిరి, నెర్రె విచ్చేదాకా చెట్టునే వుండాలి. ఆ బెండ పొట్టిగా, అయిదు పలకలుగా కాక ఏడెనిమిది పలకలుగా, కాస్త నూగుతో వుండేది. పులుసులో వేస్తే ముక్క విడిపోయేది కాదు. ఆవిడ అత్తగారి నుంచి వచ్చిన గింజ అని చెప్పేది.

ఒక దీపావళికి వంటిల్లు సున్నం వేయిస్తూ, అటక మీద తుప్పు పట్టిన డబ్బా దించి, మూత తీసి చూస్తే బూడిద. చెత్తలో పారబోసేశాను. లోపల పేలికలున్నాయని చూడనైనా లేదు. మర్నాడు ఆవిడ అడిగింది, "అమ్మాయ్, అటక మీద డబ్బా ఏదీ?" అని. చెప్పాను. "బజార్లో మంచి విత్తనాలు దొరుకుతున్నాయి కదా అత్తయ్యగారూ, రంగుబొమ్మ పొట్లాల్లో" అని కూడా అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ రాత్రి మజ్జిగ పోసుకోకుండానే విస్తరి ముందునుంచి లేచిపోయింది.

పొట్లం గింజలు తెచ్చి వేశాను. చెప్పొద్దూ, ఆ ఏడు బెండ విరగకాసింది. వీధి వీధంతా పంచాను. అత్తయ్యగారికి చూపించి గర్వపడ్డాను కూడా. ఆ కాయలకి నేనూ దారం కట్టి గింజ తీశాను. రెండో ఏడు మొలిచినవి చూస్తే ఒకటి మూరెడు, ఒకటి నిలువెత్తు. ఒకదానికి కాయ నున్నన, ఒకదానికి ముళ్లు. హైబ్రిడ్ అంటే రెండు వేరువేరు తల్లిదండ్రుల మొదటి సంతానమనీ, దాని గింజ తీసి వేస్తే గుణాలు విడిపోతాయనీ అప్పటికి తెలియదు. ఏటా కొనాల్సిందే. ఆ తర్వాతి ఏడాదులు ఒకటి బాగుంటే ఒకటి పోయింది. చివరికి పైన చెప్పిన పదహారు మొక్కలు. అప్పటికి అత్తయ్యగారు పోయి నాలుగేళ్లు.

ఆ గింజ ఇంకెక్కడైనా వుందా అని ఆలోచిస్తే మా పెద్దాడపడుచు తట్టింది. ఆవిడది తెనాలి దగ్గర పల్లె. కాపరానికి వెళ్లేటప్పుడు తల్లి కొంగున ముడివేసి ఇచ్చిన వాటిలో ఆ బెండగింజలు కూడా వున్నాయట. ఫోను చేసి, "వదినగారూ, మన అత్తయ్యగారి బెండ మీ దగ్గర వుందా?" అని అడిగాను. అవతల నవ్వింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు? మోకాళ్ల నొప్పులతో నేను తోట మానేసి నాలుగేళ్లయింది. డబ్బాలో వెతికి చూస్తాలే" అంది. పండక్కి వచ్చినప్పుడు తెచ్చింది. పదకొండు గింజలు.

బెండగింజ ఏడాది దాటితే మొలకశాతం తగ్గిపోతూ వస్తుంది. ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, మొలక చూసి నాటాను. మూడు మొలిచాయి. నేను చంటిపిల్లల్ని కూడా అంత కనిపెట్టుకు వుండలేదేమో. చుట్టూ రెండు వరసలు మొక్కజొన్న వేశాను, దోమకి తెర కింద. పసుపు రంగంటే తెల్లదోమకి మోజు. పసుపు రంగు డబ్బామూతలకి ఆముదం రాసి కర్రలకి కట్టాను. సాయంత్రానికి ఒక్కో మూతకి నువ్వులు చల్లినట్టు అంటుకునేవి. వారానికొకసారి వేపగింజల కషాయం, లీటరు నీళ్లకి 50 గ్రాముల గింజ దంచి రాత్రంతా నానవేసి, వడకట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి ఆకు అడుగున పడేలా కొట్టడం.

అత్తయ్యగారి విత్తనం గనక ఏమీ రాదని మనసులో ఒక నమ్మకం పెట్టుకున్నాను. పాత విత్తనమంటే మనకదో భక్తి. అదేం లేదండీ. నలభయ్యో రోజుకి ఒక మొక్కకి ఈనెలు పసుపు తిరిగాయి. దాని నిండా పిందెలు. పీకాలంటే చెయ్యి రాలేదు, రెండు రోజులు వాయిదా వేశాను. ఆ రెండు రోజుల్లోనే పక్కదానికీ తగిలింది. రెండూ పీకి కాల్చేశాను. ఆవిడ కాలంలో మా వీధిలో ఇన్ని ఇళ్లు లేవు, ఇన్ని బెండలూ లేవు. ఆవిడ పెరట్లో తెగులు రాకపోవడం గింజ గొప్పో, దోమ తక్కువ కావడమో చెప్పడం కష్టం.

మూడోది నిలిచింది. చివర్లో పై ఆకు ఒకటి కాస్త పాలిపోయింది గాని మొక్క ఆగలేదు. అదే ఎనిమిది పలకల కాయ, అదే నూగు. రెండు కాయలకి ఎర్రదారం కట్టాను. ఒకటి ఉడత కొరికి పారేసింది. రెండోది నెర్రె విచ్చేదాకా వుంది. వలిస్తే 42 గింజలు వచ్చాయి. గ్యాసుపొయ్యి ఇళ్లలో బూడిద ఎక్కడిది? ఇడ్లీబండి పొయ్యి దగ్గర అడిగి తెచ్చుకుని జల్లించాను.

ఇరవై గింజలు కవర్లో పెట్టి వదినగారికి పంపాను, ఆవిడ వెయ్యకపోయినా ఆవిడ కోడలు వేస్తానంది. కవరు అందగానే ఫోను చేసింది. "అమ్మ అయితే ఎర్రదారం ముక్క కూడా వేసి ఇచ్చేదే" అంది. మిగతా ఇరవై రెండూ అటక మీద కొత్త డబ్బాలో వున్నాయి. మూత మీద పెద్ద అక్షరాలతో బెండ అని రాసి అతికించాను.